హార్డ్ డిస్క్‌కి పొరపాటున పాస్‌వర్డ్ పడిపోయిందా? ముందు అది ఏ తాళమో చూడండి

రెండేళ్ల కిందట మా అక్క ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. బోర్డు పోతే పోయిందిలే, డిస్క్ తీసి నా కంప్యూటర్‌కి తగిలిస్తే అన్నీ వచ్చేస్తాయి అని నేను చాలా తేలిగ్గా మాట ఇచ్చేశాను. తగిలిస్తే డిస్క్ తిరుగుతోంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెటప్ మెనూలో) పేరు కనిపిస్తోంది, సైజు కూడా 500 జీబీ అని సరిగ్గానే చెబుతోంది, కానీ విండోస్ మాత్రం ‘ఈ డిస్క్‌ని ఇనిషియలైజ్ చెయ్యాలి’ అంటోంది. అక్కని అడిగితే, "ఆన్ చేసినప్పుడల్లా పాస్‌వర్డ్ అడిగేది కదరా, పిల్లలు ముట్టుకోకుండా నేనే పెట్టాను" అంది. బయోస్‌లో సెక్యూరిటీ మెనూలోకి వెళ్తే మూడు రకాల పాస్‌వర్డ్‌లు వరసగా ఉంటాయి: సూపర్‌వైజర్, యూజర్, హార్డ్ డిస్క్. అక్క పెట్టింది మూడోది. అంటే తాళం ల్యాప్‌టాప్‌కి కాదు, డిస్క్‌కే పడింది. విచిత్రం ఏంటంటే పాస్‌వర్డ్ అక్కకి గుర్తుంది, ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని రాసి పక్కన 123. అది కొట్టినా నా కంప్యూటర్‌లో డిస్క్ తెరుచుకోలేదు.

ఆ డిస్క్‌లో అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు, ఇంకెక్కడా కాపీ లేదు. మూడు సాయంత్రాలు కూర్చుని ఆ తాళం తీశాను. అప్పుడు నేర్చుకున్నదీ, తర్వాత బంధువుల డిస్క్‌లు ఒకటి రెండు చూసినప్పుడు తెలిసిందీ మొత్తం ఇక్కడ పెడుతున్నా. మీ సొంత డిస్క్ అయితేనే, లేదా దాని యజమాని పక్కన కూర్చుని అడిగితేనే ఇవి చెయ్యండి.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి: డిస్క్‌కి కావాల్సింది మీకు గుర్తున్న పదం కాదు, తాళం వేసిన రోజు దాని లోపలికి వెళ్లిన బైట్లు. ఆ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది తెరుచుకునే డిస్క్‌ని కూడా చేజేతులా చెరిపేసుకుంటున్నారు.

ఏ తాళం పడిందో ఎలా తెలుస్తుంది

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే, విండోస్ ఇంకా మొదలవ్వకముందే, నల్ల స్క్రీన్ మీద హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ అడిగితే, లేదా డిస్క్ వేరే కంప్యూటర్‌లో పేరు, సైజు సరిగ్గా చూపిస్తూ ఒక్క ఫైలు కూడా ఇవ్వకపోతే, అది చాలావరకు ఏటీఏ పాస్‌వర్డ్, అంటే డిస్క్ తన లోపలే పెట్టుకునే తాళం. మా అక్కది ఇదే, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగితే అది బిట్‌లాకర్, విండోస్ డిస్క్‌కి వేసే తాళం. బయట తగిలించుకునే డిస్క్ పెట్టగానే అసలు డ్రైవ్ బదులు చిన్న సీడీ లాంటిది కనిపించి, అందులో అన్‌లాక్ అనే ప్రోగ్రాం ఉంటే తాళం ఆ పెట్టెలో ఉన్న చిప్‌ది. లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం) మొదలయ్యేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడిగితే అది లక్స్ అనే లైనక్స్ తాళం, దానికి పాస్‌ఫ్రేజ్ తెలియకపోతే దొడ్డిదారి లేదు, కాబట్టి పాత బ్యాకప్‌లు వెతకడం మొదలుపెట్టండి.

తాళం ఏదో తేలేదాకా చెయ్యకూడనివి

ఇనిషియలైజ్ నొక్కకండి, ఫార్మాట్ చెయ్యకండి. ఏటీఏ తాళం పడిన డిస్క్ ఎలాగూ ఆ రాతని ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది, కానీ మీది వేరే తాళం అయితే ఆ ఒక్క నొక్కుతో పార్టిషన్ పట్టిక మీద కొత్తది రాసేస్తుంది. డేటా రికవరీ సాఫ్ట్‌వేర్‌లు కొనకండి. అవన్నీ డిస్క్‌ని చదవగలిగితేనే పనిచేస్తాయి, ఇక్కడ డిస్క్ ఒక్క సెక్టార్ కూడా చదవనివ్వదు. మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ పీకితే పోతుందని ఎవరైనా చెబితే వినకండి, దానితో కొన్ని కంప్యూటర్లలో బయోస్ పాస్‌వర్డ్ పోవచ్చేమో గానీ డిస్క్ పాస్‌వర్డ్ ఉండేది బయోస్‌లో కాదు. అలాగే డిస్క్ కింద ఉండే ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు మార్చినా లాభం లేదు, పాస్‌వర్డ్ రాసి ఉండేది చాలావరకు లోపలి పళ్లేల మీదే, మామూలుగా మనకి కనిపించని సర్వీస్ ఏరియాలో.

ఏటీఏ తాళం ఎలా పనిచేస్తుంది

ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఏటీఏ ప్రమాణం ప్రకారం డిస్క్‌లో రెండు పాస్‌వర్డ్‌లకి చోటు ఉంటుంది, ఒకటి యూజర్, ఇంకొకటి మాస్టర్, ఒక్కొక్కటి 32 బైట్లు. మీరు తక్కువ అక్షరాలు ఇస్తే మిగతా చోటు సున్నాలతోనో మరో దానితోనో నిండుతుంది. యూజర్ పాస్‌వర్డ్ పెట్టిన మరుక్షణం నుంచి, కరెంటు పోయి మళ్లీ వచ్చిన ప్రతిసారీ డిస్క్ తాళం వేసుకుని కూర్చుంటుంది. పేరు, సీరియల్ నంబరు, సైజు అడిగితే చెబుతుంది, డేటా అడిగితే ఇవ్వదు. అందుకే బయోస్‌లో అంత మామూలుగా కనిపిస్తుంది.

తప్పు పాస్‌వర్డ్ 5 సార్లు ఇస్తే డిస్క్ ఇక వినడం మానేస్తుంది. కంగారు పడాల్సింది ఏమీ లేదు, కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇస్తే ఇంకో 5 అవకాశాలు వస్తాయి. ఉత్త రీస్టార్ట్ చేస్తే సరిపోకపోవచ్చు, షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి పెట్టండి. ఈ తాళంలో ఎన్నిసార్లు తప్పు కొట్టినా దానివల్ల డేటా చెరిగిపోదు. చెరిగిపోయేది మనం చెరపమని చెబితేనే.

అన్నిటికంటే ముందు ఆ పాత కంప్యూటరే

పాస్‌వర్డ్ పెట్టిన కంప్యూటర్ ఇంకా బతికి ఉంటే డిస్క్‌ని మళ్లీ దానిలోనే పెట్టండి. ఇంతకంటే మంచి దారి లేదు, ఎందుకంటే మీరు కీబోర్డు మీద కొట్టినదాన్ని బైట్లుగా మార్చేది బయోస్, ఆ మార్చే పద్ధతి కంపెనీకి ఒకలా, కొన్నిసార్లు ఒకే కంపెనీలో మోడల్‌కి ఒకలా ఉంటుంది. కొన్ని మామూలు ఆస్కీ అక్షరాలుగా (ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఉండే పద్ధతిలో) పంపిస్తాయి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు ఏ మీట నొక్కారో దాని స్కాన్ కోడ్ పంపిస్తాయి. ఇంకొన్ని పాస్‌వర్డ్‌ని హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని లెక్కతో వేరే రూపంలోకి మార్చి), వేరే ఏదో కలిపి పంపిస్తాయి. పాత కంప్యూటర్ పోతే అదే మోడల్ ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి, ఒక్క పది నిమిషాలకి డిస్క్ పెట్టనిస్తే చాలు.

అక్కడ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కొన్ని చూసుకోండి. బయోస్‌కి తెలిసింది సాధారణంగా అమెరికన్ కీబోర్డు వరసే, మీరు విండోస్‌లో పెట్టుకున్న వేరే లేఅవుట్ అక్కడ పనిచెయ్యదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్‌లాక్ ఆన్‌లో ఉంటే కుడివైపు అక్షరాలు అంకెలుగా పడతాయి. ఒక మీట సరిగ్గా పనిచెయ్యని కీబోర్డుతో పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు ఆ అక్షరం లేకుండా కూడా ఒకసారి కొట్టి చూడండి.

తెరుచుకుంటే అదే బయోస్ మెనూలోకి వెళ్లి, పాత పాస్‌వర్డ్ ఇచ్చి, కొత్త పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి ఎంటర్ కొడితే తాళం పూర్తిగా పోతుంది. లైనక్స్‌లోకి వెళ్లి తీసేద్దాంలే అనుకుంటే అక్కడ ఒక చిక్కు ఉంది. డిస్క్ తెరిచాక చాలా బయోస్‌లు దాన్ని ‘ఫ్రోజెన్’ స్థితిలో పెట్టేస్తాయి, వైరస్‌లు పాస్‌వర్డ్ మార్చకుండా. ఆ స్థితిలో పాస్‌వర్డ్ పెట్టడం కుదరదు, తీసెయ్యడమూ కుదరదు. కాబట్టి బయోస్ మెనూలోంచే తీసెయ్యండి.

పాత కంప్యూటర్ లేకపోతే లైనక్స్

ఉబుంటు (ఒక రకం లైనక్స్) లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసుకోండి. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, ట్రై అని ఉన్నది చాలు. డిస్క్‌ని డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద ఉన్న సాటా పోర్టుకి నేరుగా తగిలించండి. యూఎస్‌బీ కేబుల్‌తోనో, డిస్క్ పెట్టుకునే యూఎస్‌బీ పెట్టెతోనో పెట్టకండి, ఆ మధ్యలో ఉండే చిప్‌లు చాలావరకు ఈ సెక్యూరిటీ ఆదేశాలని డిస్క్ దాకా చేరనివ్వవు, సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పు అన్నట్టే ఎర్రర్ వస్తుంది. నా మొదటి సాయంత్రం మొత్తం ఈ కేబుల్ వల్లే పోయింది. ఇంకో సలహా, మీ మంచి డిస్క్‌లన్నీ ఆ డెస్క్‌టాప్‌లోంచి పీకేసి తాళం పడినది ఒక్కటే ఉంచండి. ఇక్కడ ఒక్క అక్షరం తేడాతో వేరే డిస్క్‌కి ఆదేశం వెళ్లిపోతుంది.

కమాండ్లని ఫోన్‌లో చెప్పినట్టు పలికి చెప్తాను, టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పెద్దది కావాల్సిన చోట నేనే చెప్తాను. మనకి కావాల్సిన ప్రోగ్రాం పేరు హెచ్‌డీపార్మ్, అంటే హెచ్, డీ, పీ, ఏ, ఆర్, ఎం. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి డిస్క్ పేరు చూసుకోండి, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ ఇలా ఉంటుంది. ఎస్‌డీబీ అనుకుందాం. ఇప్పుడు: సుడో, స్పేస్, హెచ్‌డీపార్మ్, స్పేస్, ఒక హైఫన్, దానికి ఆనుకుని పెద్ద అక్షరం ఐ, స్పేస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ. ఎంటర్.

చాంతాడంత జాబితా వస్తుంది. పైన ఉన్న సీరియల్ నంబరు డిస్క్ మీద అంటించిన స్టిక్కర్‌తో సరిపోయిందో లేదో అక్షరం అక్షరం చూడండి. తర్వాత కిందికి వెళ్తే సెక్యూరిటీ అనే భాగం ఉంటుంది, అసలు కథ అంతా అక్కడే. ఒక్కో స్థితి ఒక్కో లైను: సపోర్టెడ్, ఎనేబుల్డ్, లాక్డ్, ఫ్రోజెన్, ఎక్స్‌పైర్డ్. లైను ముందు నాట్ అని ఉంటే ఆ స్థితి లేనట్టు, ఆ చోటు ఖాళీగా ఉంటే ఉన్నట్టు. అక్క డిస్క్‌లో ఎనేబుల్డ్, లాక్డ్ రెండిటి ముందూ ఖాళీ, ఫ్రోజెన్ ముందు నాట్. అంటే పాస్‌వర్డ్ ఉంది, తాళం పడి ఉంది, పాస్‌వర్డ్ ఇస్తే వింటుంది. ఎక్స్‌పైర్డ్ ముందు నాట్ లేకపోతే మీ 5 అవకాశాలు అయిపోయాయి, కరెంటు తీసి పెట్టాలి. ఎనేబుల్డ్ ముందే నాట్ ఉంటే అసలు ఏటీఏ పాస్‌వర్డే లేదు, మీ సమస్య వేరే, ఇక్కడితో ఆగి కిందికి వెళ్లండి.

ఇంకో రెండు లైన్లు కాగితం మీద రాసుకోండి. సెక్యూరిటీ లెవెల్ హై అనా, మ్యాగ్జిమమ్ అనా? మాస్టర్ పాస్‌వర్డ్ రివిజన్ కోడ్ ఎంత? హై అయితే మాస్టర్ పాస్‌వర్డ్‌తో కూడా తాళం తియ్యొచ్చు. మ్యాగ్జిమమ్ అయితే మాస్టర్‌తో చెరపడం మాత్రమే కుదురుతుంది. రివిజన్ కోడ్ 65534 అని ఉంటే ఫ్యాక్టరీలో పెట్టిన మాస్టర్ పాస్‌వర్డ్‌ని ఎవరూ మార్చలేదని అర్థం.

తెరిచే కమాండ్

సుడో, స్పేస్, హెచ్‌డీపార్మ్, స్పేస్, రెండు హైఫన్లు యూజర్ హైఫన్ మాస్టర్, స్పేస్, యూ, స్పేస్, రెండు హైఫన్లు సెక్యూరిటీ హైఫన్ అన్‌లాక్, స్పేస్, పాస్‌వర్డ్, స్పేస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ. మధ్యలో ఉన్న యూ అంటే యూజర్ పాస్‌వర్డ్ అని, మాస్టర్ ప్రయత్నించాలంటే అక్కడ ఎం. పాస్‌వర్డ్‌ని ఒంటి కోట్స్ మధ్య పెట్టండి, లేకపోతే డాలర్, ఆశ్చర్యార్థకం లాంటి గుర్తులని షెల్ (కమాండ్లని చదివే ప్రోగ్రాం) ఇంకోలా అర్థం చేసుకుంటుంది.

ఇక్కడ దండం పెట్టి చెప్తున్నా, చెరిపే కమాండ్‌కీ దీనికీ తేడా అన్‌లాక్ అన్న ఒక్క మాటే, దాని బదులు ఎరేజ్ అని ఉంటే అయిపోయినట్టే. నెట్‌లో దొరికిన కమాండ్ కాపీ చేసి అంటించకండి, పైబాణం మీట కొట్టి పాత కమాండ్లు తెచ్చుకోకండి. చేత్తో కొట్టండి, ఎంటర్‌కి ముందు ఒకసారి పైకి చదవండి.

ఏవి ఏ వరసలో ప్రయత్నించాలి అంటే, ముందు మీకు గుర్తున్నది గుర్తున్నట్టే. తర్వాత అంతా చిన్న అక్షరాల్లో, అంతా పెద్ద అక్షరాల్లో. అవి మూడు అవకాశాలు. ప్రతి ప్రయత్నం కాగితం మీద రాసుకోండి, లేకపోతే రాత్రి పదకొండింటికి అదే పాస్‌వర్డ్ ఆరోసారి కొడుతూ ఉంటారు.

అక్క డిస్క్‌కి ఇవేవీ పనిచెయ్యలేదు. రెండో సాయంత్రం చివర్లో ఆ ల్యాప్‌టాప్ పాతకాలంది కదా, స్కాన్ కోడ్‌లు పంపించి ఉంటుందేమో అని తట్టింది. కీబోర్డు మీద ప్రతి మీటకీ ఒక నంబరు ఉంటుంది, వరసలో ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటి పెరుగుతూ, హెక్సాడెసిమల్ లెక్కలో (9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వచ్చే 16 అంకెల లెక్క). పై వరసలో 1కి 02, 2కి 03, ఇలా 9కి 0ఏ, 0కి 0బీ. క్యూ నుంచి పీ దాకా 10 నుంచి 19. ఏ నుంచి ఎల్ దాకా 1ఈ నుంచి 26. జెడ్ నుంచి ఎం దాకా 2సీ నుంచి 32. ఏ, ఎం, ఎం, ఏ, 1, 2, 3 అన్నది ఈ లెక్కలో 1ఈ, 32, 32, 1ఈ, 02, 03, 04 అవుతుంది. అదే ఆస్కీలో అయితే 61, 6డీ, 6డీ, 61, 31, 32, 33. చూడండి, మనిషికి రెండూ ఒకటే పాస్‌వర్డ్, డిస్క్‌కి మాత్రం పొంతన లేని రెండు వేర్వేరు తాళంచెవులు.

ఈ బైట్లని టెర్మినల్‌లో ఇవ్వాలంటే పాస్‌వర్డ్ చోట డాలర్ గుర్తు, వెంటనే ఒంటి కోట్, తర్వాత ఒక్కో బైట్‌కి బ్యాక్‌స్లాష్, ఎక్స్, రెండు అంకెలు, అన్నీ అయ్యాక మళ్లీ ఒంటి కోట్, మధ్యలో ఎక్కడా స్పేస్ ఉండకూడదు. షిఫ్ట్, క్యాప్స్‌లాక్ గొడవ కూడా ఇక్కడ ఉండదు, పెద్ద ఏకీ చిన్న ఏకీ మీట ఒకటే కాబట్టి. మూడో సాయంత్రం ఇలా కొట్టాను. ఎర్రర్ రాలేదు. మళ్లీ పెద్ద ఐ కమాండ్ కొట్టి చూస్తే లాక్డ్ అన్న లైను ముందు నాట్ అని వచ్చి ఉంది. పక్క గదిలోకి వినపడేలా అక్కని కేకేశాను.

కొత్త ల్యాప్‌టాప్‌లు పాస్‌వర్డ్‌ని హ్యాష్ చేసి పంపే రకం అయితే ఈ పద్ధతి పనిచెయ్యదు, అదే మోడల్ వెతుక్కోవడమే మేలు.

తెరుచుకున్నాక

డిస్క్ తెరుచుకున్నది కరెంటు ఉన్నంతసేపే, ఆపేస్తే మళ్లీ తాళం పడుతుంది. కాబట్టి ఇప్పుడు కేబుల్ కదపొద్దు. హెచ్‌డీపార్మ్‌కి హైఫన్ చిన్న జెడ్ ఇచ్చి డ్రైవ్ పేరు చెబితే పార్టిషన్‌లు మళ్లీ చదువుతుంది, ఫోల్డర్లు కనిపిస్తాయి. నేనైతే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌కి కాపీ చేసుకుని, ఆ తర్వాతే పాస్‌వర్డ్ తీసేస్తాను. తీసేసే కమాండ్ అదే, అన్‌లాక్ చోట డిజేబుల్, పాస్‌వర్డ్ కూడా అదే. అయ్యాక ఎనేబుల్డ్ ముందు నాట్ వచ్చిందో లేదో చూసి, షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి చూడండి.

సెక్యూర్ ఎరేజ్ మధ్యలో కరెంటు పోయినవాళ్లకి

పాత డిస్క్ అమ్మేముందు పూర్తిగా చెరిపేద్దామని సెక్యూర్ ఎరేజ్ మొదలుపెట్టినవాళ్లకి ఇది తరచుగా జరుగుతుంది. చెరపడానికి ముందు తాత్కాలికంగా ఒక యూజర్ పాస్‌వర్డ్ పెట్టాలి, పని పూర్తయితే అది దానంతట అదే పోతుంది. మధ్యలో కరెంటు పోయినా, యూఎస్‌బీ చిప్ టైమ్ అవుట్ అయినా, ఎరేజ్ మొదలుపెట్టకుండా ఆపేసినా ఆ పాస్‌వర్డ్ అలాగే మిగిలిపోతుంది. మీరేం పెట్టారో గుర్తులేదా? మీరు చూసి చేసిన గైడ్‌లో ఉన్నదే పెట్టి ఉంటారు. లైనక్స్ కెర్నెల్ వికీలో ఉదాహరణకి వాడినది జర్మన్‌లో ఒకటి అని అర్థం వచ్చే ఐన్స్, ఇంగ్లీషులో పెద్ద ఈ, చిన్న ఐ, ఎన్, ఎస్. ఆర్చ్ వికీలో వాడినది పాస్‌వర్డ్ అన్న మాటే, అయితే అక్షరాలు ఇలా: పెద్ద పీ, చిన్న ఏ, ఎస్, పెద్ద ఎస్, డబ్ల్యూ, చిన్న ఓ, ఆర్, పెద్ద డీ. హెచ్‌డీడీఎరేజ్ అనే పాత డాస్ ప్రోగ్రాం పెట్టేది ఐడ్రైవ్, అన్నీ చిన్న అక్షరాలు. చాలామంది పెట్టేది ఉత్త పీ. ఇవి కాకపోతే నల్ అని పెద్ద అక్షరాల్లో, ఎన్, యూ, ఎల్, ఎల్ కొట్టండి, హెచ్‌డీపార్మ్ దాన్ని ఖాళీ పాస్‌వర్డ్‌గా తీసుకుంటుంది.

ఎలాగూ చెరపాలనుకున్న డిస్కే అయితే గొడవ లేదు, పాస్‌వర్డ్ దొరకగానే ఎరేజ్ మళ్లీ మొదటి నుంచి పూర్తి చెయ్యండి, ఈసారి నేరుగా సాటా పోర్టు మీద, యూపీఎస్ ఉంటే దానిమీద. పెద్ద డిస్క్ అయితే గంటలు పడుతుంది, ఎంత సమయం అవసరమో ఆ సెక్యూరిటీ భాగం చివర్లో నిమిషాల్లో రాసి ఉంటుంది. వేరే డిస్క్‌కి పొరపాటున మొదలైపోయి మధ్యలో ఆగినదైతే, మామూలు తిరిగే డిస్క్‌లో అప్పటిదాకా చెరిగిన భాగం పోయినట్టే, మిగిలిన దాంట్లో ఏముందో రికవరీ ల్యాబ్ వాళ్లు చూడాలి, మీరు ఇంకేమీ కొట్టకండి.

మాస్టర్ పాస్‌వర్డ్

లెవెల్ హై, కోడ్ 65534 అయితే ఫ్యాక్టరీ మాస్టర్ పాస్‌వర్డ్ ప్రయత్నించొచ్చు. పాత వెస్టర్న్ డిజిటల్ డిస్క్‌లకి డబ్ల్యూ, డీ, సీ అన్న మూడు పెద్ద అక్షరాలు 32 నిండేదాకా మళ్లీ మళ్లీ, అంటే చివర్లో డబ్ల్యూ, డీ దగ్గర ఆగుతుంది. సీగేట్‌కి సీగేట్ అన్న పేరు, మొదటి అక్షరం పెద్దది, తర్వాత 25 స్పేస్‌లు. శాంసంగ్‌కి చిన్న టీ 32 సార్లు. అన్ని మోడళ్లకీ ఇవే ఉండవు, తగలకపోతే నిరాశ పడొద్దు. మ్యాగ్జిమమ్ లెవెల్ అయితే మాత్రం ఈ దారిలోకి రావొద్దు, అక్కడ మాస్టర్‌తో జరిగేది డేటా పోవడమే.

ఎస్ఎస్‌డీలు

సాటా ఎస్ఎస్‌డీలకి పైన చెప్పినదంతా వర్తిస్తుంది. ఎన్‌వీఎంఈ రకం (సాటా కాకుండా మదర్‌బోర్డు స్లాట్‌లో నేరుగా గుచ్చేవి) వాటికి హెచ్‌డీపార్మ్ పనిచెయ్యదు, మామూలుగా బయోస్‌లోనే తియ్యాలి. కొన్ని డ్రైవ్‌ల స్టిక్కర్ మీద పీఎస్ఐడీ అని 32 అక్షరాల కోడ్ ఉంటుంది. అది డ్రైవ్‌ని మళ్లీ వాడుకోవడానికి మాత్రమే. దాన్ని కొట్టగానే లోపలి ఎన్‌క్రిప్షన్ కీ మారిపోయి డేటా మొత్తం శాశ్వతంగా పోతుంది.

బిట్‌లాకర్ అయితే

చాలామంది ‘నేనసలు ఏ పాస్‌వర్డూ పెట్టలేదు’ అంటారు, అది నిజమే. విండోస్ 11లో, ముఖ్యంగా 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. తర్వాత ఎప్పుడో బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా, డిస్క్ తీసి వేరేచోట పెట్టినా కీ అడుగుతుంది. అలాంటప్పుడు ఆ కీ అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. ఫోన్‌లోంచి లాగిన్ అయి పరికరాల పేజీలో రికవరీ కీలు చూడండి. స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు ఏ కీతో సరిపోతాయో అదే మీది. ఒక్కొక్కసారి ఆ ల్యాప్‌టాప్‌లో మొదట లాగిన్ అయింది మీ అబ్బాయో, అమ్మిన షాపు కుర్రాడో అయి ఉంటాడు, వాళ్ల అకౌంట్ కూడా అడగండి. ఆఫీసు, కాలేజీ ల్యాప్‌టాప్ అయితే అక్కడి ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది.

కీ ఎప్పుడో డైరీలో రాసుకుని ఇప్పుడు ఒక అంకె చెరిగిపోయిందా? 48 అంకెలు ఆరేసి చొప్పున 8 గుంపులు, ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. బడిలో నేర్చుకున్న 11 సూత్రమే: 1, 3, 5 స్థానాల మొత్తంలోంచి 2, 4, 6 స్థానాల మొత్తం తీసేస్తే సున్నా గానీ 11 గుణిజం గానీ రావాలి. ఉదాహరణకి గుంపు 4, 0, ఏదో, 2, 1, 6 అనుకోండి. బేసి స్థానాల్లో 4, 1 కలిపి 5, సరి స్థానాల్లో 0, 2, 6 కలిపి 8. తేడా 3, కాబట్టి పోయిన అంకె 3. సరిచూస్తే 403216, 11తో భాగిస్తే 36656. ఇలా గుంపుకి ఒక అంకె చొప్పున పోయినా మొత్తం కీ తిరిగి కట్టుకోవచ్చు. కొడుతున్నప్పుడు ఎక్కడ తప్పు రాశారో పట్టుకోవడానికి కూడా ఇదే లెక్క.

పెట్టెలో వచ్చే బయట డిస్క్‌లు

వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి చాలా మోడళ్లలో డేటా ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, లోపలి డిస్క్ తీసి నేరుగా పెట్టినా చెత్తే కనిపిస్తుంది. 5 తప్పుల తర్వాత ఆ కంపెనీ ప్రోగ్రాం ‘చెరిపేసి మళ్లీ మొదలుపెట్టనా’ అని అడుగుతుంది, ఒప్పుకోకండి. తీసి మళ్లీ పెడితే ఇంకో 5 అవకాశాలు. ఆ కాలంలో వాడిన పాస్‌వర్డ్‌ల జాబితా రాసుకుని, తాపీగా, రోజుకి కొన్ని చొప్పున ప్రయత్నించండి. పాత కంప్యూటర్‌లో ‘ఈ కంప్యూటర్‌లో తానే తెరుచుకోవాలి’ అని అప్పట్లో టిక్ పెట్టి ఉంటే అక్కడ పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుంది, అటకెక్కించిన కంప్యూటర్ ఉంటే ముందు దాన్ని దించండి.

మీ వల్ల కాకపోతే

ఏటీఏ తాళం పడిన మామూలు తిరిగే డిస్క్‌ని, లోపల ఎన్‌క్రిప్షన్ లేనిదైతే, పీసీ-3000 లాంటి పరికరం ఉన్న డేటా రికవరీ ల్యాబ్ వాళ్లు చాలా మోడళ్లలో డేటా పోకుండా తెరవగలరు. కాబట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లినా, మీ ఊళ్లో షాపుకి వెళ్లినా, ‘తాళం తీస్తారా’ అని అడగొద్దు, తీస్తామనే అంటారు, ఎరేజ్ చేసి ఖాళీ డిస్క్ చేతిలో పెట్టినా తాళం తీసినట్టే కదా. ‘సర్వీస్ ఏరియా చదివే పరికరం మీ దగ్గర ఉందా, డేటా రాకపోతే డబ్బు ఎంత’ అని అడగండి. డిస్క్ కొన్న బిల్లు గానీ ల్యాప్‌టాప్ ఇన్‌వాయిస్ గానీ వెంట తీసుకెళ్లండి, మంచి ల్యాబ్ వాళ్లు అడుగుతారు. రసీదు మీద డిస్క్ సీరియల్ నంబరు, ‘డేటా కావాలి, నా అనుమతి లేకుండా చెరపకూడదు’ అన్న మాట రాయించుకుని సంతకం తీసుకోండి. మీరు ప్రయత్నించిన పాస్‌వర్డ్‌లు, సెక్యూరిటీ లెవెల్, రివిజన్ కోడ్ రాసుకున్న ఆ కాగితం జిరాక్స్ ఒకటి వాళ్లకివ్వండి, వాళ్ల పని సగం తగ్గుతుంది.